మీ పాత ఫోను ఎక్కడికెళ్లింది?

టీవీ కింద సొరుగు ఒకసారి లాగి చూడండి. పగిలిన తెరతో ఓ ఫోను, పనిచేయని చార్జర్లు, చిక్కుపడిన ఇయర్‌ఫోన్లు... ఏదో ఒకటి బయటపడుతుంది. ‘ఇంతకుముందు వాడిన ఫోను ఏమైంది?’ అని మన క్లాసులో అడిగితే జవాబులు ఊహించొచ్చు. తమ్ముడికిచ్చాం, ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పోయింది, పాత సామాన్లవాళ్లకు వేసేశాం! ఇదే ప్రశ్న ఇంకో దేశంలోని క్లాసులోనూ అడిగితే?

స్కూల్ ఎక్స్ఛేంజ్ అంటే విమానం ఎక్కడమే అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. 1988లో న్యూయార్క్, మాస్కో బడుల మధ్య మొదలైన ఐ-ఎర్న్, ఐరోపాలో 2005 నుంచి నడుస్తున్న ఈ-ట్విన్నింగ్ లాంటివి ఆన్‌లైన్‌లోనే రెండు మూడు దేశాల తరగతులతో ఉమ్మడి ప్రాజెక్టులు చేయిస్తున్నాయి. ఐ-ఎర్న్‌లో మన దేశం బడులూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఇలాంటి పరిచయాలు చాలావరకు డ్యాన్సులు, వంటలు, జెండాలతోనే ముగిసిపోతాయి. ఈ-వేస్ట్‌ను అంశంగా తీసుకుంటే మాత్రం అలా కుదరదు. ఎందుకంటే ఈ చెత్త ఒక దేశంలో ఆగదు.

బెర్లిన్, ఆక్రా, విజయవాడ విద్యార్థులు ఒకే తెర మీద కలిశారనుకోండి. ‘పాత ఫోనును షాపులో ఇచ్చేస్తాం’ అంటారు బెర్లిన్ వాళ్లు. ఐరోపా నిబంధనల ప్రకారం 400 చదరపు మీటర్లు, ఆపైన ఉండే ఎలక్ట్రానిక్స్ దుకాణాలు అరచేతిలో పట్టే పరికరాలను, ఏమీ కొనకపోయినా, ఉచితంగా తీసుకోవాలి. వినడానికి భలేగా ఉంది కదా! కానీ 2022లో ఐరోపాలో తలకు 17.6 కిలోల ఈ-వేస్ట్ పోగైతే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 43 శాతంలోపే. ప్రపంచం మొత్తమ్మీద 6.2 కోట్ల టన్నుల్లో 22.3 శాతమే.

మిగిలిందాంట్లో కొంత ‘సెకండ్‌హ్యాండ్’ పేరుతో ఓడలెక్కుతుంది. ఆ కథ ఆక్రా పిల్లలకు తెలుసు. వాళ్ల ఊళ్లోని అగ్‌బొగ్‌బ్లోషీ తుక్కు యార్డులో రాగి కోసం కుర్రాళ్లు కేబుళ్లు తగలబెట్టేవారు. 2021 జులైలో ప్రభుత్వం ఆ యార్డును ఖాళీ చేయించింది. పని ఆగలేదు, చుట్టుపక్కలకు చెదిరింది. ఆ పొగలో, మసిలో ఉండే సీసం పిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. పారేసిన చోటు, కాల్చిన చోటు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. అలాగని ఆక్రా వాళ్లను జాలిగా చూడాల్సిన పనిలేదు. బాగుచేసి మళ్లీ వాడటంలో వాళ్లు ఘనులు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ చూసినవాళ్లకు ఆ నైపుణ్యం ఏంటో చెప్పక్కర్లేదు.

మరి మన విజయవాడ వాళ్లేం చెప్పాలి? పోస్టర్లు గీయకండి. ఒక వస్తువును పట్టుకుని దాని వెంట వెళ్లండి. ఇంటికొచ్చే పాత సామాన్ల అన్నను అడగండి, ఆయన అమ్మే గోదాము వాళ్లను అడగండి. ‘తర్వాత ఎక్కడికో మాకూ తెలీదు’ అన్న మాట ఎక్కడ వినిపించిందో రాసుకోండి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం తయారీ కంపెనీలే రిజిస్టర్డ్ రీసైక్లర్ల ద్వారా బాధ్యత తీర్చుకోవాలి. ఆ నిబంధనకూ, మీరు రాసుకున్న మాటకూ మధ్య ఉన్న దూరమే మీ ప్రాజెక్టు. ఒక్క జాగ్రత్త: బ్యాటరీలు విప్పొద్దు, మంటలు రావచ్చు.

ఆసక్తి నిలిచిందా? మెటలర్జీ, కెమిస్ట్రీ, పర్యావరణ ఇంజినీరింగ్ చదివేవారికి ఇందులో పనుంది. హైదరాబాద్ చర్లపల్లిలోని సి-మెట్ సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పరిజ్ఞానంపై పనిచేస్తోంది. టోక్యో ఒలింపిక్స్ పతకాలకు పాత పరికరాల నుంచి తీసిన బంగారమే దాదాపు 32 కిలోలు!

అక్టోబరు 14 అంతర్జాతీయ ఈ-వేస్ట్ దినం. భాగస్వామి బడికి తొలి మెయిల్ పంపడానికి మంచి రోజే. ఈలోగా క్లాసులో అందరి సొరుగుల్లో ఉన్నదంతా తూకం వేసి, ఆ అంకె సిద్ధంగా పెట్టుకోండి. అవతలివాళ్లు ముందడిగేది అదే.