చప్పట్లకొక నీతి, చాటుకొక నీతి

కోలారు బంగారు గనులలో తవ్వకము 2001లో నిలిచిపోయినది; బంగారము తీసికొనిన పిదప మిగిలిన మన్ను మాత్రము సయనైడు దిబ్బలై నేటికిని ఆ యూరి నడుమ గుట్టలవలె నిలిచియున్నది. ఆదివారము వచ్చినదా, ఖాళీస్థలము దొరకిన చోటనెల్ల తెలుగు, తమిళము, కన్నడము కలగలిపి కేకలు వేయుచు కుఱ్ఱవాండ్రు టెన్నిసుబంతితో క్రికెట్టాడుదురు. మూడు కఱ్ఱలే వికెట్లు. బ్యాటింగు వంతు రానివాడే అంపైరు. వాడు వేలెత్తినచో ఎంతటి వీరుడైనను గొణుగుకొనుచునే బ్యాటు విడిచి పోవలసినదే. ప్రక్కయింటి ప్రహరీ దాటిన బంతి ఔటని ముందే యొప్పందము జరిగియుండును. ఆ యొప్పందమునకు బంతి తెచ్చినవాడును, బ్యాటు తెచ్చినవాడును సమానముగ లోబడుదురు. అందఱి యెదుట ఆడు ఆటకు అందఱికిని ఒక్కటే సూత్రమను ధర్మము మన పిల్లలకు ఎవరును నేర్పనక్కఱలేకయే అబ్బినది.

ఇక, ఏ యూరిలోనైనను పడుపువృత్తి జరుగుచున్నదని ఒక లాడ్జిపై పోలీసులు దాడి చేసిన మఱునాడు పత్రికలో వచ్చు ఛాయాచిత్రమును చూడుడు. చెంగుతో మొగము కప్పుకొని, తల వంచుకొని జీపెక్కుచున్న స్త్రీలిద్దఱో ముగ్గురో అందులో కనబడుదురు. డబ్బిచ్చి వచ్చిన పెద్దమనుష్యులు తఱచుగ ఆ చిత్రములోనికి రానేరారు. ఆ వార్త చదివి ‘ఊరు చెడిపోయినది’ అని నిట్టూర్చినవాడే పుట త్రిప్పి, నిన్నటి మ్యాచిలో అంపైరు చేసిన అన్యాయమును గూర్చి కాఫీ చల్లారునంతవఱకు వాదించును. క్రికెట్టు వినోదము, కీర్తి. పడుపువృత్తి పెక్కుమందికి పేదఱికమో, మోసమో, బలవంతమో తెచ్చిపెట్టిన బ్రతుకు. వాని రెంటిని చూచు కన్ను మాత్రము మనదే. మైదానమున అన్యాయమును అంత చురుకుగ పట్టుకొను ఆ కన్ను సందుమలుపున ఏల మూతపడుచున్నదో విచారింపదగినది.

ఈ రెంటి చరిత్రయు మన ప్రాంతమున ఒక్క గొడుగు క్రిందనే కొంతదూరము నడచినది. 1809లో బెంగుళూరున ఆంగ్లేయుల దండు వెలసినది. తెల్లవారి క్రికెట్టును వచ్చినది, తెల్ల సోల్జర్ల కొఱకు దస్తరములకెక్కిన వేశ్యల వాడయు వచ్చినది. 1864 నాటి కంటోన్మెంటు చట్టము, 1868 నాటి అంటురోగముల చట్టము ననుసరించి ఆ స్త్రీల పేర్లు నమోదు చేసి, వైద్యపరీక్షకు రప్పించి, రోగమున్నదని తేలినవారిని ‘లాక్ హాస్పిటల్’ అను ప్రత్యేక వైద్యశాలలలో నిర్బంధించెడివారు. వారి కడకు పోయిన సోల్జరును ఆ చట్టము ముట్టలేదు. 1888లో అంటురోగముల చట్టము రద్దయ్యెను గాని, రోగము స్త్రీది, అవసరము పురుషునిది అను లెక్క మాత్రము మన మనస్సులలో రద్దు కాలేదు.

1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనులను చేపట్టిన పిమ్మట ఆ యూరికి ‘చిన్న ఇంగ్లండు’ అను పేరు వచ్చినది. 1885లో దొరల క్లబ్బు వెలసినది. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చి, బెంగుళూరు వీధులలో విద్యుద్దీపము వెలుగకమునుపే ఇచ్చట యంత్రములను త్రిప్పినది. ఉత్తర ఆర్కాటునుండియు, చిత్తూరు సీమనుండియు వలస వచ్చిన కూలీలు మాత్రము తడికెల గుడిసెలనుండి పాతాళమునకు దిగి, పైకి వచ్చునప్పుడు సోదాకు దేహమొడ్డి, ఊపిరితిత్తులలో రాతిధూళి నింపుకొని ఇల్లు చేరెడివారు. దేహమును ఖర్చుపెట్టి బ్రతుకుట యనగా నేమో ఆ యూరి కంటె బాగుగ ఎఱిగిన యూరు అరుదు. గనిలో దేహము నరగదీసికొనినవానిని మనము కష్టజీవి యంటిమి, మైదానమున దేహశక్తిని చూపినవానిని వీరుడంటిమి. దేహము తప్ప వేఱాస్తి లేని ఆడుదానిని అనరాని మాటలంటిమి.

సంస్కర్తలు మేలే తలచిరి. కోలారు జిల్లాను ఏలిన మైసూరు ప్రభుత్వము 1909లోనే తన యధీనములోని దేవాలయములలో దేవదాసీల కైంకర్యమును మాన్పించినది. మద్రాసున అట్టి చట్టము వచ్చుటకు 1947 దాక ఆగవలసివచ్చినది. 1982లో కర్ణాటకము మఱియొక చట్టము చేసినది. బాలికలను గుడికి అంకితము చేయు దురాచారము పోవలసినదే, సందేహము లేదు. కాని మాన్యము పోయి, కొలువు పోయి, పెండ్లిచేసికొనువారు లేక మిగిలిన స్త్రీ రేపేమి తినునను ప్రశ్న అంత గట్టిగ వినబడలేదు. ఆ కులముననే 1878లో నంజనగూడున పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారి కథ తెలుగువారు మఱవరానిది. తంజావూరి కవయిత్రి ముద్దుపళని రచించిన శృంగారకావ్యము ‘రాధికాసాంత్వనము’ను ఆమె 1910లో వావిళ్ల వారి ముద్రణాలయమున పరిష్కరించి అచ్చువేయించినది. ఆ శృంగారము స్త్రీ నోట రాదగదని ఆక్షేపించిన పండితులు, అంతకు మించిన శృంగారమును పురుషకవులు వ్రాసినపుడు ఏల మిన్నకుండిరని ఆమె నిలదీసినది. 1911లో ఆంగ్ల ప్రభుత్వము ఆ గ్రంథమును అశ్లీలమని నిషేధించినది. స్వాతంత్ర్యము వచ్చు తరుణమున మద్రాసులోని ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము వచ్చినగాని ఆ నిషేధము తొలగలేదు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించినదియు ఆమెయే. ఆమె వేసిన ప్రశ్నకు నేటికిని సరియైన జవాబు మనయొద్ద లేదు.

1956వ సంవత్సరమును చూడుడు. ఆ యేడు, 1932లో లార్డ్సు మైదానమున భారత జట్టునకు తొలి టెస్టు నాయకుడై నిలిచిన మన తెలుగువాడు సి.కె. నాయుడుగారికి పద్మభూషణము లభించినది. కోలారు గనులు ప్రభుత్వపరమైనవి. పడుపుకూటి వ్యాపారమును అణచు చట్టమును పార్లమెంటు చేసినది. ఆటకు బిరుదు వచ్చినది, గనికి యజమాని మాఱినాడు, స్త్రీకి మాత్రము పోలీసు వచ్చినాడు. ఆ చట్టము వృత్తిని స్వయముగ నేరమనలేదు. వేశ్యాగృహము నడుపుటను, పరుల పడుపుసంపాదనపై బ్రతుకుటను, బహిరంగముగ పిలుచుటను నేరమన్నది. ఆచరణలో గృహము నడపువాడు తప్పించుకొనును, తార్చువాడు జామీనుపై వచ్చును, వీధిలో నిలిచినదే లాకప్పున కూర్చుండును.

ఆటగానిపట్ల మన యౌదార్యమునకు హద్దు లేదు. 2008 మొదలు ఐపీఎల్ వేలములో ఆటగాండ్ర వెల కోట్లలో పాడుచుండగా కుటుంబసమేతముగ కూర్చుండి చూచుచున్నాము. హైదరాబాదు ఆటగాడు అజహరుద్దీనుపై 2000లో మ్యాచి ఫిక్సింగు ఆరోపణలతో క్రికెట్టు బోర్డు జీవితకాల నిషేధము విధించినది. 2009లో మొరాదాబాదు ఓటర్లు ఆయనను పార్లమెంటునకు పంపిరి. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చెల్లదన్నది. మంచిదే, మనిషికి తిరిగివచ్చు త్రోవ యుండవలెను. కాని ఒకనాడు లాడ్జిలో పట్టుబడిన స్త్రీకి అద్దెకిల్లు దొరకునా? ఆమె బిడ్డను బడిలో తోటిపిల్లలు సుఖముగ నుండనిత్తురా?

2022 మే నెలలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నలను పట్టించుకొన్నది. స్వేచ్ఛగ ఈ వృత్తిలో నున్న వయోజనులను పోలీసులు వేధింపరాదనియు, దాడులలో వారి మొగములను పేర్లను పత్రికలు బయటపెట్టరాదనియు, చిరునామా ఋజువు లేదని ఆధారుకార్డు నిరాకరింపరాదనియు ఆదేశించినది. గుడి కైంకర్యము మానిన శతాబ్దమునకుగాని ఈ మాట రాలేదు.

గనులు మూతపడిన పిమ్మట కోలారు వాసులు వేలాదిగ మారికుప్పమునుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు కొలువులకు పోవుచున్నారు. కొలువు దొరకని ఆడుదానిని నగరమున మొదట పలుకరించువాడు తఱచుగ దళారియే. కావున క్రికెట్టును ప్రేమించు పాఠకులకు నా విన్నపమొక్కటి: ఆటలో మీరు కోరు ధర్మమునే ఇక్కడను కోరుడు. దాడి వార్త చదివినపుడు డబ్బిచ్చినవాడెవడని, నడిపినవాడెవడని అడుగుడు. బలవంతముగ దింపబడినవారికి విముక్తియు, వృత్తిలో నున్నవారికి రేషనుకార్డును, వారి పిల్లలకు బడియు దక్కునట్లు మీ పంచాయతిని, మీ శాసనసభ్యుని నిలదీయుడు. ఒక జట్టునకే ఔటు చెప్పు అంపైరును మనమెవ్వరమును సహింపము. సంఘమున అట్టి అంపైరులుగ ఇన్నినాళ్లు నిలిచినది మనమే.