ధర్మాబాదు చెంత గోదావరి

మరాఠ్వాడాయు తెలంగాణమును కలిసికొను చోట, నాందేడు జిల్లాలో ధర్మాబాదు పట్టణము కలదు. త్ర్యంబకమున పుట్టిన గోదావరి ఈ ప్రాంతమును దాటి తెలంగాణమున ప్రవేశించుచున్నది. బాలాఘాటు కొండలలో జన్మించి 724 కిలోమీటర్లు ప్రవహించిన మంజీర కందకుర్తి కడ దానితో కలియును. హరిద్ర యను చిన్న యేరును వీనితో కూడుటచే ఆ చోటు త్రివేణీ సంగమ మనబడినది. పిమ్మట నది బాసర సరస్వతీ క్షేత్రమును చేరును.

1956 వరకు ఈ తీరమంతయు హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. ఆ యేటి పునర్విభజనలో ముధోలు, భైంసా, కుభీరు ప్రాంతములు ఆంధ్రప్రదేశమున చేరెను. ధర్మాబాదు బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందెను. నేలకు హద్దు ఏర్పడినను నీటి తగవు తరువాత వచ్చినది. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు జలాశయము నిండినప్పుడు దాని నీరు మహారాష్ట్ర భూమిలోనికిని వ్యాపించును. ఆ ముంపు ప్రదేశముననే, ధర్మాబాదు తాలూకాలోని బాభలీ కడ, 2.74 టి.ఎం.సి.ల నిల్వకు ఆనకట్ట కట్టబడినది.

దిగువ ఆయకట్టుకు నష్టమని 2006లో ఆంధ్రప్రదేశము సుప్రీంకోర్టును ఆశ్రయించెను. 2013 ఫిబ్రవరి 28 నాటి తీర్పు ఆనకట్టను నిలిపి, వాడుకకు నియమములు విధించెను. జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు తలుపులు ఎత్తియుంచవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెను. అనగా వానకాలపు వరద దిగువకు సాగును. పిదప నిలిచిన నీరు ఎగువ రైతునకు దక్కును. ఒకనాడు ఒకే రాష్ట్రమున నున్న తీరగ్రామములకు నేడు ఈ తేదీలే నీటి హద్దులు.