మీకు తెలుసా? ముగ్గురు మునిరత్నాలుంటే కంప్యూటర్‌కు ఒక్కడే మిగులుతాడు!

చిత్తూరు వైపు బస్సెక్కి ‘మునిరత్నం’ అని గట్టిగా పిలిస్తే ఒకరికంటే ఎక్కువ తలలు తిరగొచ్చు. పేరును కీగా, ఊరిని విలువగా రాసుకున్న జాబితాలో అతను మూడుసార్లు ఉన్నాడనుకుందాం: ఒకడిది తిరుపతి, ఒకడిది పుత్తూరు, చివరివాడిది పలమనేరు. ఈ జాబితాను పైథాన్‌లో డిక్షనరీగా మారిస్తే పలమనేరు మునిరత్నమే మిగులుతాడు. మిగతా ఇద్దరూ చప్పుడు లేకుండా మాయం! ఎర్రర్ కూడా రాదు, అదే అసలు ప్రమాదం.

పీహెచ్‌పీలో పార్స్‌_ఎస్‌టీఆర్ ఫంక్షన్‌దీ అదే తీరు. అయితే దానికిచ్చే పాఠ్యంలో కీ పక్కన ఖాళీ చదరపు బ్రాకెట్లు చేరిస్తే ముగ్గురూ ఒకే అర్రేలో కుదురుగా కూర్చుంటారు. జావాలో కలెక్టర్స్ టుమ్యాప్ మాత్రం మొహమాటపడదు. ఏది ఉంచాలో మనం చెప్పకపోతే, రెండో మునిరత్నం కనబడగానే ఎక్సెప్షన్ విసిరి ఆగిపోతుంది. నన్నడిగితే ఇదే నిజాయితీ. జేసన్ ప్రమాణం (ఆర్‌ఎఫ్‌సీ 8259, 2017) కీలు వేర్వేరుగా ఉండాలని సూచిస్తుంది. లేకపోతే ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా ప్రవర్తించవచ్చని హెచ్చరిస్తుంది.

పేరు బదులు పిన్‌కోడ్‌ను కీ చేద్దామా? 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల నంబరును కూడా చాలా ఊళ్లు పంచుకుంటాయి. అందుకే ఒక్కో కీకి ఒక్క విలువ కాక, ఒక జాబితానే తగిలించాలి. పైథాన్‌లో డిఫాల్ట్‌డిక్ట్ ఆ పని చేసిపెడుతుంది.

మనవాళ్లు పేరుకు ముందు ఇంటిపేరు పొడి అక్షరం పెట్టుకుంటే ఈ తంటా కొంతైనా తగ్గుతుంది కదా!