పక్షవాతం: నోరు వంకర పోయిందా, మాట తడబడిందా? దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెత్తే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి

ఉదయం ఆరున్నర. మీ నాన్న కాఫీ గ్లాసు అందుకోబోతే చేతిలోంచి జారిపోయింది. ‘ఏమైంది నాన్నా?’ అంటే మాట ముద్దగా వచ్చింది. నోరు ఓ పక్కకు లాగినట్టుంది. ‘రాత్రి నిద్ర సరిగా లేదుగా, కాసేపు పడుకోనివ్వండి’ అని ఇంట్లో ఒకరన్నారు. ‘షుగర్ పడిపోయిందేమో, పంచదార నీళ్లు పట్టండి’ అని ఇంకొకరు. ‘పది గంటలకు మన డాక్టరు గారు వస్తారు కదా, అప్పుడు చూపిద్దాం’ అని మరొకరు.

ఈ మూడు సలహాల్లో ఏది విన్నా నష్టమే. ఇవి పక్షవాతం లక్షణాలు. డాక్టర్లు బ్రెయిన్ స్ట్రోక్ అనేది దీన్నే. దీనికి వైద్యం ఉంది, ఆ వైద్యానికి గడువు కూడా ఉంది. ఇంట్లో తటపటాయిస్తే ఆ గడువు దాటిపోతుంది. హడావుడిగా బయల్దేరి సీటీ స్కాన్ లేని ఆసుపత్రికి వెళ్లినా దాటిపోతుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడొచ్చు, లేదా నాళం చిట్లి రక్తం బయటికి రావొచ్చు. పది కేసుల్లో దాదాపు ఎనిమిది మొదటి రకానివే. రెండింటిలోనూ లక్షణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి చేయి, కుడి కాలు పడిపోతాయి. కుడి భాగం దెబ్బతింటే ఎడమవైపు పడిపోతాయి.

పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. చనిపోయిన కణాలు తిరిగి రావు. చుట్టూ కొన ఊపిరితో ఉన్న కణాలను కాపాడడమే తొలి గంటల చికిత్స లక్ష్యం.

ఎలా గుర్తించాలి?

ఒక్క నిమిషంలో మీరే చూడొచ్చు.

ముఖం: నవ్వమనండి. నోరు ఒక పక్కకే లాగుతోందా?

చేయి: రెండు చేతులూ ముందుకు చాపి పది సెకన్లు ఉంచమనండి. ఒకటి కిందికి వాలిపోతోందా?

మాట: ‘ఈరోజు వాన పడేలా ఉంది’ లాంటి చిన్న వాక్యం చెప్పించండి. ముద్దగా వస్తోందా? మాటలు తడుముకుంటున్నారా? మీరు అన్నది అర్థం కావడం లేదా?

సమయం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఫోన్ అందుకోండి. మూడూ కనిపించేదాకా ఆగొద్దు.

ఉన్నట్టుండి చూపు పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నిలబడలేక ఓ పక్కకు తూలిపోవడం, ఎప్పుడూ లేనంత తీవ్రమైన తలనొప్పి కూడా స్ట్రోక్ లక్షణాలు కావొచ్చు. ఇక్కడ ‘ఉన్నట్టుండి’ అన్న మాటే ముఖ్యం.

ముఖం వంకర పోయిన ప్రతిసారీ పక్షవాతమే కాకపోవచ్చు. ముఖ నరం వాచినా నోరు వంకర పోతుంది. అలాంటప్పుడు సాధారణంగా ఆ వైపు కన్ను మూసుకోదు, నుదుటి మీద ముడతలు పడవు. చేతికి, మాటకు ఏమీ కాదు. అయినా ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే. మీరు ఇంట్లో తేల్చేయొద్దు.

పావుగంటలో తగ్గిపోయింది కదా, ఇంకెందుకు?

గడ్డ తాత్కాలికంగా అడ్డుపడి దానంతటదే తొలగిపోతే లక్షణాలు కాసేపటికే మాయమవుతాయి. దీన్ని చిన్న స్ట్రోక్ అంటారు. ఆ తర్వాతి కొన్ని రోజుల్లో, ముఖ్యంగా తొలి 48 గంటల్లో అసలైన స్ట్రోక్ వచ్చే ముప్పు ఎక్కువ. కాబట్టి తగ్గిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉచితం. ‘ఒంట్లో బాగోలేదు’ అని ఊరుకోకుండా ‘పక్షవాతం లక్షణాలు, ఇంత సేపటి క్రితం మొదలయ్యాయి’ అని స్పష్టంగా చెప్పండి.

మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారో రాసుకోండి. నిద్ర లేచేసరికే చేయి పడిపోయి ఉంటే, లేచిన టైమ్ కాదు, రాత్రి పడుకునేముందు బాగున్న టైమ్ చెప్పాలి. డాక్టర్లు గడువును లెక్కపెట్టేది అక్కడి నుంచే.

నోట్లో ఏమీ వేయొద్దు. నీళ్లు, కాఫీ, మాత్రలు ఏవీ వద్దు. మింగే శక్తి తగ్గి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూసి ఆ అంకె 108 సిబ్బందికి చెప్పండి. షుగర్ బాగా పడిపోయినా ఇలాంటి లక్షణాలే కనిపించొచ్చు.

గుండెపోటుకు ఇచ్చినట్టు ఆస్పిరిన్ ఇవ్వొద్దు. చిట్లిన నాళం అయితే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. బీపీ ఎక్కువగా ఉందని అదనంగా మాత్ర వేయడమూ ప్రమాదమే. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు అందుతున్న కాస్త రక్తమూ తగ్గిపోతుంది.

స్పృహ తప్పినా, వాంతి అవుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పావురం రక్తం రాయించడం, పసరు మందుకు తీసుకెళ్లడం లాంటివి చేస్తే పోయేది ఈ విలువైన గంటలే.

వాడుతున్న మందుల చీటీ, ఆధార్, రేషన్ కార్డు లేదా ఆరోగ్యశ్రీ కార్డు ఒక కవర్లో పెట్టుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

అడగాల్సిన ప్రశ్న ఇదే: ‘సీటీ స్కాన్ ఇప్పుడు తీస్తారా?’

గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. అది తెలియకుండా అసలు చికిత్స మొదలుకాదు. స్కాన్ లేని నర్సింగ్ హోమ్‌లో సెలైన్ పెట్టించుకుని, అక్కడి నుంచి ఇంకోచోటికి రిఫర్ చేయించుకునేసరికి నగర ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడ ఇస్తారా? ఇచ్చే డాక్టరు ఈ వేళలో అందుబాటులో ఉన్నారా? అంబులెన్స్ దారిలో ఉండగానే ఫోన్ చేసి ‘స్ట్రోక్ కేసు తెస్తున్నాం’ అని చెబితే క్యాజువాలిటీలో కొంత సమయం కలిసొస్తుంది.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లోని నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖపట్నం కేజీహెచ్, గుంటూరు, కర్నూలు జీజీహెచ్‌లు, తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగాలున్నాయి. మీ ఇంటికి దగ్గర్లో ఏ ఆసుపత్రిలో రాత్రీపగలూ స్కాన్, ఇంజెక్షన్ ఉన్నాయో ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ నంబర్‌ను ‘స్ట్రోక్ హాస్పిటల్’ పేరుతో మొబైల్‌లో సేవ్ చేసి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి.

అక్కడ ఏం చేస్తారు?

గడ్డ వల్ల వచ్చిందని తేలితే, లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఆల్టెప్లేస్ లేదా టెనెక్టెప్లేస్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఇటీవల పెద్ద ఆపరేషన్ అయినవారికి, రక్తం పలచబడే మందులు వాడుతున్న కొందరికి ఇది పనికిరాదు. మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు కొంత ఉంటుంది. డాక్టరు సంతకం అడిగేది అందుకే. ఆ ముప్పు ఎంతో అక్కడే అడిగి తెలుసుకోండి. బంధువులందరూ వచ్చేదాకా నిర్ణయం వాయిదా వేయొద్దు.

పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతారు. మామూలుగా 6 గంటల్లోపు, స్కాన్‌లో అనుకూలంగా కనిపిస్తే కొందరికి 24 గంటల వరకూ దీన్ని చేస్తారు. కాబట్టి ఆలస్యమైపోయిందని ఇంట్లోనే ఉండిపోవద్దు. రక్తస్రావమైతే బీపీ అదుపు చేస్తారు. కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది.

ఖర్చు సంగతేంటి?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద న్యూరాలజీ చికిత్సలు ఉన్నాయి. అత్యవసర కేసుల్లో నెట్‌వర్క్ ఆసుపత్రి ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని ముందు చేర్చుకోవచ్చు. ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. మీవాళ్లకు ఇస్తున్న ఇంజెక్షన్, చేస్తున్న చికిత్స పథకంలోకి వస్తాయో లేదో అప్పుడే అడగండి. సందేహాలకు 104కి ఫోన్ చేయొచ్చు.

ఇంటికొచ్చాక?

పరిస్థితి నిలకడగా ఉందని డాక్టరు చెప్పగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. తొలి కొన్ని నెలల్లోనే ఎక్కువ మెరుగుదల కనిపిస్తుంది. మాట పోయినవారికి స్పీచ్ థెరపీ ఉంది. కోలుకున్నాం కదా అని బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు మానేయొద్దు. మళ్లీ స్ట్రోక్ రాకుండా కాపాడేవి అవే.

చేయి, కాలు పూర్తిగా రాకపోతే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు మెడికల్ బోర్డు తేలిస్తే, మిగతా అర్హతలు కూడా ఉన్నవారికి పింఛను వస్తుంది.

అసలు రాకుండా ఉండాలంటే?

స్ట్రోక్‌కు అన్నిటికంటే పెద్ద కారణం అధిక రక్తపోటు. చాలామందికి బీపీ ఉన్నా ఏ బాధా ఉండదు కాబట్టి ఉన్నట్టే తెలియదు. 30 ఏళ్లు దాటినవారికి పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. మందులూ ఇస్తారు. సిగరెట్, గుట్కా మానేయండి. గుండె లయ తప్పుతుంటే ఈసీజీ తీయించుకోండి.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లందరికీ బీపీ చూడండి. పైఅంకె 140 గానీ, కిందిది 90 గానీ దాటితే డాక్టరుకు చూపించండి.