ఎర్రనేలలో కూరగాయల నారుమడి

"నారు పోసినవాడు నీరు పోయకపోవునా" అని తెలుగువారి సామెత. దైవముపై భారము వేయువేళ ఈ మాట ఊరట నిచ్చును. కూరగాయల నారుమడి విషయమున మాత్రము నీరు పోయుట ఎంత అవసరమో, వేళ యెరిగి మానుట అంత అవసరము. వానలు మెండుగా కురియు ప్రాంతములలో మొలచిన నారు తలవాల్చి నశించుటకు తరచు కారణము నీటి కొరత కాదు, నీటి నిలువ.

పశ్చిమ బెంగాలులోని ఖరగపూరు అట్టి ప్రాంతము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 19వ శతాబ్దాంతమున ఇచట కూడలిని, కార్ఖానాను నెలకొల్పుటతో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు పనికై తరలిపోయినవి. మథురాకాటి, నింపురా మొదలైన కాలనీలలో వారి సంతతి నేటికిని నివసించుచున్నది. క్వార్టర్ల పెరడులే గాక, చుట్టుపట్ల చిన్న కమతములును సేద్యమునకు ఉపయోగపడుచున్నవి. ఖాళీగా నున్న రైల్వే భూములను చిన్న ఉద్యోగులకు కూరగాయల సాగునిమిత్తము లైసెన్సుపై ఇచ్చు పద్ధతియు రైల్వే శాఖలో కలదు.

ఈ సేద్యము కేవలము కాలక్షేపము కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమున నూటికి 57.0 మంది, ఆంధ్రప్రదేశమున 58.8, పశ్చిమ బెంగాలున 71.4. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో రోజునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు సూచింపబడినవి. నలుగురు పెద్దలున్న ఇంటికి ఇది 1,600 గ్రాములు. చిన్న పెరడు ఇంత కూరను దినదినము ఈయజాలదు. కాని అంగడిలో ధర పెరిగిన నాడు మొట్టమొదట మానివేయబడు ఆకుకూరను మాత్రము అది తప్పక ఈయగలదు.

నేల స్వభావము

ఖరగపూరు పరిసరములలో ఎర్రని గరపనేల హెచ్చు. వేసవిలో ఇది గట్టిపడును. వాన పడగానే పైపొర మెత్తబడి మరల అట్ట కట్టును. ఆమ్లగుణము గలది, సేంద్రియ పదార్థము తక్కువ. ఇట్టి నేలలో చదునుగా చల్లిన సన్నవిత్తనము అట్టక్రింద చిక్కి మొలవలేకపోవును, లేదా నిలచిన నీటిలో కుళ్ళును. కావున బాగుగా చివికిన పశువుల ఎరువును సమృద్ధిగా కలిపి మట్టిని గుల్లబరచుట మొదటి పని. పచ్చి పేడ పనికిరాదు. సున్నము వేయదలచినవారు ముందుగా మట్టిని పరీక్ష చేయించి, చెప్పిన మోతాదునే వేయవలెను.

విత్తనము

గోల్ బజారులో విత్తనము కొనబోవు తెలుగు గృహిణికి బెంగాలీ పేర్లు తెలిసియుండుట మేలు. వంగను వారు బేగున్ అనియు, మిరపను లంకా అనియు, బచ్చలిని పుయ్ అనియు, ఎర్ర తోటకూరను లాల్ శాక్ అనియు అందురు. మన గోంగూర జాతి మొక్కను బెంగాలున నారకొరకు మేస్తా అను పేర పండింతురు.

పొట్లముపై పరీక్షించిన తేదీ, మొలక శాతము చూడవలెను. ధ్రువీకరించిన విత్తనమునకు కనీస మొలక శాతము టమాటా, వంగలకు 70, బెండకు 65, మిరపకు 60. ఇంట నిలువచేసిన విత్తనమైనచో నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి, ఆరనీయక, వారము పదిదినములు చూడవలెను. మిరప, వంగ గింజలు టమాటాకంటె ఆలస్యముగా మొలచును. సగము కూడ మొలవనిచో ఆ విత్తనమును విడిచిపెట్టుటయే మేలు. గ్రాము టమాటా విత్తనములో సుమారు 300 గింజలుండును. ఇరువదిముప్పది మొక్కలు చాలిన పెరటికి ఒక చిటికెడే ఎక్కువ. మిగిలిన దానిని పొడి సీసాలో మూతబిగించి దాచవలెను.

సంకరజాతి మొక్కల పండ్లనుండి తీసిన విత్తనము తల్లిగుణములను నిలుపుకొనదు. మరుసటి ఏటికి విత్తనము తీయదలచినవారు నాటురకములను పెంచవలెను.

మడి కట్టు విధము

టమాటా, వంగ, మిరప, కాబేజీ, కాలీఫ్లవరు నారు పోసి నాటదగినవి. బెండ, చిక్కుడు, సొర, బీర, గోంగూర, తోటకూర, ముల్లంగి ఉన్నచోటనే విత్తదగినవి.

నారుమడి ఒక మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. నలువైపుల నీరు పోవు కాలువ తీయవలెను. ఎండ తగులు చోటు కావలెను, చెట్టునీడ తగదు. ఏప్రిలు, మే నెలలలో మడిని తడిపి, పారదర్శకమైన పాలిథీను పరచి, నాలుగు నుండి ఆరు వారములు ఉంచినచో, సూర్యతాపమునకు మట్టిలోని శిలీంధ్రములు, కలుపు గింజలు చాలవరకు నశించును. ఆ దినములలో వీచు కాలవైశాఖి గాలులకు పాలిథీను లేచిపోకుండ అంచులను మట్టిలో పూడ్చవలెను.

శీతకాలపు పంటకు సెప్టెంబరు చివరనుండి అక్టోబరు వరకు నారు పోయుదురు. దుర్గాపూజ దినములలోను వానలు పూర్తిగా వెనుదిరుగవు. కావున మడిపై వెదురుబద్దలను వంచి గ్రుచ్చి, వాన వచ్చినపుడు పాలిథీను కప్పి, వెలియగానే తీసివేయవలెను. 5 సెంటీమీటర్ల ఎడమున సన్నని గీతలు గీసి, సెంటీమీటరుకు మించని లోతున గింజలను పలుచగా రాల్చి, చివికిన ఎరువు పొడితో కప్పవలెను. సన్నరంధ్రములు గల డబ్బాతో ఉదయమున నీరు చల్లవలెను. సాయంకాలమున తడిపినచో మొలకలు రాత్రియంతయు తడిగా నుండి తెగులునకు లోనగును.

నారుకుళ్ళు తెగులు

నిన్న నిలువుగానున్న మొలక నేడు మట్టికి ఆనుచోట నీరుపట్టినట్లు మెత్తబడి, సన్నగిల్లి, పడిపోవును. ఒకచోట ఆరంభమై చుట్టును వ్యాపించును. దీనిని చూచి నీరు చాలలేదని తలచి మరింత పోయుట సామాన్యమైన పొరపాటు. దానితో మడి యంతయు పోవును. తడిమట్టిలో పెరుగు శిలీంధ్రములు దీనికి కారణము. పడిన మొలక మరల లేవదు. అట్టివానిని చుట్టుమట్టితోసహా తీసివేసి, తడి తగ్గించి, మిగిలినవానికి గాలి తగులునట్లు ఒత్తుగానున్న మొలకలను పలుచన చేయవలెను. అవసరమైనచో వ్యవసాయాధికారి సలహాపై కాపర్ ఆక్సీక్లోరైడు లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్ళు తడుపవచ్చును. విత్తుటకు పూర్వము విత్తనమునకు ట్రైకోడెర్మా పొడి పట్టించుట మంచి నివారణ.

నాటుట

టమాటా నారు 25 నుండి 30 దినములకు, వంగ 30 నుండి 35 దినములకు, మిరప 35 నుండి 40 దినములకు నాటుటకు సిద్ధమగును. నాలుగైదు దినముల ముందునుండి నీరు తగ్గించినచో నారు గట్టిపడును. పీకుటకు కొంచెము ముందు మడిని తడిపినచో వేళ్ళు తెగవు. ఎండ తగ్గిన సాయంకాలమున నాటి, వెంటనే మొదట నీరు పోయవలెను. ఈ కూరలు కాపునకు వచ్చులోపల ప్రక్కనే చల్లిన తోటకూర 25 నుండి 30 దినములకే కోతకు వచ్చి ఇంటిని ఆదుకొనును.

ఆరోగ్య జాగ్రత్తలు

1. ఎరుపు, నీలి రంగు వేసిన విత్తనము విషపూరితము. పిల్లలకు అందనీయరాదు, మిగిలినదానిని వండరాదు, చేతులు సబ్బుతో కడుగవలెను.
2. మురుగుకాలువ నీరు పోయరాదు. నూనె, గ్రీజు, బొగ్గుబూడిద పడిన నేలలో కూర పెంచరాదు.
3. నీటిపీపాలకు మూత ఉండవలెను. దెంగీ దోమ నిలువనీటిలోనే పెరుగును.
4. మట్టిపనిలో గాయమైనచో కడిగి, ధనుర్వాతపు టీకా విషయమై ఆరోగ్యకేంద్రమున విచారించవలెను.

పళ్ళెము చేరునపుడు

తోటకూర, బచ్చలివంటి ఆకుకూరలలో శరీరము విటమిన్ ఏగా మార్చుకొను కెరోటిన్ కలదు. కొద్దిపాటి నూనెతో వండినచో అది చక్కగా ఒంటబట్టును. ఆకులలోని ఇనుము సులభముగా ఒంటబట్టదు. భోజనమున నిమ్మరసము చేర్చినచో కొంత మేలు. భోజనము వెంట టీ త్రాగు అలవాటు ఆ మేలును హరించును. గర్భిణులు ఆకుకూర తినుచున్నామని ఇనుపమాత్రలను మానరాదు.

షిఫ్టు పనికి పోవు ఇంటివారికి వేళ చాలదనుట నిజమే. కాని మీటరు మడికి ఉదయమున పది నిమిషములు చాలును. ఆ పది నిమిషములలో మొదట చేయవలసినది మట్టిని వ్రేలితో తాకి చూచుట. తడి తగిలెనా, ఆ దినమున నీటిడబ్బాను ముట్టనక్కరలేదు.