విడాకుల కేసులో చివరి వాయిదా: వెళ్లేముందు చూసుకోవాల్సినవి

ఒంటరి మహిళ పింఛనుకో, రేషన్ కార్డు విడిగా చేయించుకోవడానికో సచివాలయానికి వెళితే ముందు అడిగేది "విడాకుల కాగితం ఉందా అమ్మా?" అనే. పెద్దమనుషుల ముందు బాండు పేపరు మీద రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం కాదు. ఇద్దరూ ఒప్పుకొని, 1955 హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పిటిషన్ వేసిన మహిళల కోసం ఈ సమాచారం.

పిటిషన్ వేసిన రోజు నుంచి 6 నెలలు దాటాక, 18 నెలల లోపు మీరిద్దరూ మళ్లీ కోర్టు ముందుకు రావాలి. తగిన కారణం ఉంటే 6 నెలల గడువును కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆయన గల్ఫ్‌లో ఉండి రాలేకపోతే వీడియో ద్వారా హాజరయ్యేందుకు ముందే అనుమతి అడగాలి. వాయిదా రోజు అడిగితే ఆలస్యమైపోతుంది.

ఆ రోజు వాదనలేమీ ఉండవు. ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారు, ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా, ఎవరైనా బలవంతపెట్టారా, భరణం ముట్టిందా, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు అని జడ్జి గారు అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. "అంతా ముట్టింది" అని కాగితంలో ఉంటుంది, చేతికి మాత్రం సగమే వచ్చి ఉంటుంది. మిగతాది తర్వాత ఇస్తామన్న మాట నమ్మి తలూపితే, వసూలు కోసం మళ్లీ కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. అందుకే వాయిదాకు వారం ముందే ఒప్పంద పత్రాన్ని ఎవరిచేతనైనా తెలుగులో చదివించుకుని వినండి. డబ్బు ఎంత, డీడీ ఏ రోజు ఇస్తారు, మీ బంగారం, సామాను సంగతేంటి అనేవి అందులో ఉండాలి. డీడీని జడ్జి గారి ముందే తీసుకోవడం మంచిది. పిల్లల పోషణ ఖర్చు పిల్లల హక్కు, మీరు వద్దని రాసిచ్చినా అది పోదు.

డిక్రీ ఇచ్చేలోపు మీకు ఇష్టం లేకపోతే ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. అందుకు ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టడానికి లేదు.

లాయరు ఫీజు ఇచ్చుకోలేమని ఆగిపోకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి.

ఆధార్ ఒరిజినల్, పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, పిటిషన్ కాపీ తీసుకుని ఉదయం పదింటికల్లా కోర్టు దగ్గర ఉండండి. పేరు పిలిచినప్పుడు లేకపోతే ఇంకో వాయిదా పడొచ్చు, కేసు కొట్టేసే అవకాశమూ ఉంది.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టించండి, రెండు కాపీలు తీసుకుంటే మేలు. బియ్యం డబ్బాలో దాచేముందు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. పింఛనుకు వయసు, మిగతా అర్హతలు వేరే చూస్తారు కాబట్టి, ఆ కాపీతో సచివాలయంలో సంక్షేమ సహాయకులను కలవండి.