సీడు మేతలో దాగిన గొట్టాలు

విజయవాడ నుంచి బంటుమిల్లి వైపు వెళ్తే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. ఆ చెరువుల్లో వదిలే సీడుని, అంటే రొయ్య పిల్లల్ని, హేచరీల్లో ఆర్టీమియా అనే చిన్న ప్రాణితో మేపుతారు. అది కూడా రొయ్య చుట్టమే. దాని ఎండు గుడ్లు డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీళ్ళలో వేసి గాలి పట్టిస్తే ఒక రోజులో పిల్లలు ఈదుతాయి.

గుడ్డులో సుమారు 4,000 కణాలుంటాయి. వింతేమిటంటే, పిల్ల బయటికొచ్చేవరకు ఒక్క కణం కూడా రెండుగా చీలదు! మరి ఆకారం ఎలా వస్తుంది? ఉన్న కణాలే రూపు మార్చుకుంటాయి.

కణం లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని బోలు గొట్టాలుంటాయి. వెడల్పు 25 నానోమీటర్లే. కణానికి ఆకారాన్నిచ్చే చట్రంలో ఇవీ భాగమే. ట్యూబులిన్ అనే ప్రోటీన్ ముక్కలు పేర్చుకుంటూ పోతే గొట్టం తయారవుతుంది.

అయితే మొదలు ఎక్కడ? బుట్ట అల్లేవాళ్ళు ముందు అడుగు వేసుకుంటారు కదా, అలాగే గామా ట్యూబులిన్ అనే ప్రోటీన్ తోటి ప్రోటీన్లతో కలిసి ఒక వలయంగా కూర్చుంటుంది. దాని మీదే గొట్టం లేస్తుంది. గామా ట్యూబులిన్‌ని 1989లో ఒక బూజులో గుర్తించారు. తర్వాత ఆర్టీమియా పిల్లల చర్మకణాల్లోనూ కనిపించింది. మనలోనూ ఉంది!

పుట్టాక ఆర్టీమియా కణాలు మళ్ళీ చీలడం మొదలుపెడతాయి. అప్పుడు క్రోమోజోముల్ని చెరో వైపు లాగేవీ ఈ గొట్టాలే.